పూలజడ కుట్టిన దెవ్వరు?

మా యింటి నడవలో, వీధితలుపు ప్రక్కగా, అరువది యేండ్లకు పైబడిన ఛాయాచిత్ర మొకటి వ్రేలాడుచున్నది. అందు మా అక్కగారు తొమ్మిదేండ్ల బాలిక. పట్టుపరికిణి కట్టుకొని, చెవులకు బుట్టలు, నడుమునకు వడ్డాణము పెట్టుకొని, పూలకుండీ నిలిపిన ఎత్తుబల్ల మీద ఒక చేయి ఆనించి, మన వంకకు సగము మాత్రమే తిరిగి, ఊపిరి బిగపట్టి నిలుచున్నది. వెనుక స్టూడియోవారి నిలువుటద్దము. ఆ యద్దములో, నడినెత్తి మొదలు మోకాళ్ల వెనుక వరకు, మల్లెమొగ్గలతో కుట్టిన పూలజడ. ముఖమును జడయు ఒక్క పటమునందే కనబడవలెనను కోరికనుండి పుట్టిన యీ యద్దపు టుపాయము ఏ ఛాయాగ్రాహకుని బుద్ధిలో మొదట మెరసినదో గాని, తెలుగునాట రెండు మూడు తరముల ఆడపిల్లలు ఆ యద్దము ముందే నిలిచి పటము దిగిరి; వేసవి సెలవులలో పూలజడ వేయించుకొని స్టూడియోకు పోవుట పండుగకు తక్కువ కాని వేడుకగా నుండెడిది.

ఆ పటమును గోడనుండి దించి వెనుకకు త్రిప్పినచో, ఊదారంగు సిరాతో స్టూడియో ముద్ర, ఊరి పేరు, తేదీ కానవచ్చును. అడుగున మా నాయనగారి చేతివ్రాతలో మా అక్క పేరు. పటము తీసిన దెవరో, పటములో నున్న దెవరో, ఏనాడు తీసిరో, అన్నియు అందు కలవు. ఆ పటము తీయుటకే కారణమైన జడను కుట్టిన మా మేనత్త పేరు మాత్రము ముందు గాని వెనుక గాని లేదు. చిన్నతనమున నాకిది లోపముగా తోచలేదు. ఇప్పుడు తోచుచున్నది, ఏల తోచుచున్నదో చెప్పుటకే యీ వ్యాసము.

ఆ జడ ఎట్లు పుట్టెనో కన్నులార చూచినవాడను గనుక చెప్పగలను. వైశాఖమాసపు ఎండలో, మిట్టమధ్యాహ్నము దాటగనే, మా దొడ్డిలోని మల్లెపొదలనుండి, అవి చాలనిచో ఇరుగుపొరుగు దొడ్లనుండి, విచ్చుటకు ఇంకను ఒక జాము వ్యవధి యున్న మొగ్గలను మాత్రమే ఏరి తెచ్చి తడిగుడ్డ మీద పోసెడివారము. మా మేనత్త వాటిని పొడవునుబట్టి మూడు కుప్పలు చేసెడిది. పెద్దవి జడ నడుమకు, చిన్నవి అంచులకు, మరీ చిన్నవి కొసకు. అరటిబోదెనుండి ఒలిచిన పట్టను పిల్ల జడ వెడల్పునకు కత్తిరించి, మొగ్గ మొగము పైకి, తొడిమ లోనికి వచ్చునట్లు, ఒక్కొక్క మొగ్గనే సూదితో గ్రుచ్చి, వరుస వెనుక వరుసగా కుట్టుకొనుచు పోయెడిది. అరటిపట్టయే ఏల యని నేనొకమారు అడిగితిని. "దానిలో తడి ఉంటుందిరా, మొగ్గ వాడదు. మెత్తగా ఉంటుంది, పిల్ల వీపుకి గుచ్చుకోదు" అని తల యెత్తకయే సమాధానము చెప్పెను. నడుమ నడుమ కనకాంబరముల చారలు, అంచుల వెంబడి మరువపు రెమ్మలు, కొసకు జడకుప్పెలు. పిల్లకు జుట్టు చాలనిచో సవరము. ఇంత పనియు సాయంకాలపు గాలి తిరుగక ముందే ముగియవలెను. ఏలయన గాలి చల్లబడగనే మొగ్గ విచ్చును, విచ్చిన పూవునకు వరుస నిలువదు, పటములో జడ జడవలె గాక తెల్లని మబ్బువలె కనబడును. స్టూడియోలోని దీపముల వేడిమికి మొగ్గలు మరింత తొందరపడునని ఆమెకు తెలియును. కావుననే ఒక్క రేకైనను విడివడిన మొగ్గను నిర్దాక్షిణ్యముగా ప్రక్కకు త్రోసివేసెడిది. రిక్షా వాకిట వేచియుండగా, చివరి రెండు వరుసలను పిల్లను నిలువబెట్టి వీపు మీదనే కుట్టెడిది.

మా మేనత్త చిన్ననాడే భర్తను కోల్పోయినది. ఆనాటి ఆచారము ఆమె తలకు పూవును దూరము చేసినది గాని చేతికి దూరము చేయలేకపోయినది. మా వీధిలోనే కాదు, ఊరి ఆ చివర గూడ పూలజడ యనగానే ఆమెనే తలచెడివారు. వేసవి వచ్చినదన్న వారమునకు రెండు మూడు జడలు ఆమె చేతి మీదుగా పోయెడివి. ఎవరైనను ఆమె చేతిలో ఒక్క రూపాయి పెట్టినట్లు నాకు జ్ఞాపకము లేదు. ఆమె అడిగినట్లును లేదు. స్టూడియోవారికి మాత్రము కాపీకి ఇంతయని లెక్కగట్టి చెల్లించిరి. పిల్లతో గూడ స్టూడియో లోపలికి ఆమె పోయెడిదో, రిక్షా కదలగనే వంటింటిలోనికి మరలెడిదో, ఆ సంగతియు నాకు గుర్తు లేదు. మేమెవ్వరమును ఆమెను అంత శ్రద్ధగా గమనింపలేదు.

నేడు నగరములలో ఫ్యాషన్ స్టైలిస్టు అను వృత్తి యొకటి స్థిరపడినది. పత్రికల ముఖచిత్రములకును, వస్త్రవ్యాపారుల ప్రకటనలకును, పెండ్లికి ముందు వధూవరులు తీయించుకొను పటములకును ఎవరికి ఏ వస్త్రము, ఏ నగ, ఏ చెప్పు, ఏ బొట్టు నప్పునో నిర్ణయించి, వాటిని సమకూర్చి, మనిషి కెమెరా ముందు నిలుచు క్షణము వరకు బాధ్యత వహించువారు వీరు. దూరమునుండి చూచువారికి ఇది విలాసముగా తోచును. దగ్గర చూచినచో, తెల్లవారుజామున లేచి ఇస్త్రీపెట్టె పట్టి చీరల మడతలు తీయుట, దుకాణమునుండి ఎరువు తెచ్చిన చెప్పుల అడుగులకు గీతలు పడకుండ టేపు అంటించుట, వదులైన రవికెను వీపువైపున క్లిప్పులతో బిగించి కొలతకు కుట్టించినట్లు ముందువైపున కనిపింపజేయుట, పిన్నీసుల పెట్టె చేతబట్టుకొని గంటల తరబడి నిలువుకాళ్లపై నుండుట. పని యనగా ఇది. వీరిలో కొందరు, అంగడిలో దొరకు నగలు తమ యూహకు సరిపడక, తామే ఇంట కూర్చుండి నగలు చేసికొందురు. నేను ముఖ్యముగా వీరిని గూర్చి చెప్పదలచితిని. పటము కొరకు ఇంట చేతితో చేసిన నగకు కర్త కలదు. ఆ పటముతో ఎవరైనను వ్యాపారము చేయునెడల ఆ చేతికి కూలి ముట్టవలెను, పటము క్రింద పేరు పడవలెను. ఇంత చిన్న మాట ఒప్పుకొనుటకు మనకింకను మనసు రాకున్నది.

లండను మహానగరమున ఈ వృత్తికి గౌరవము తెచ్చినవారిలో జూడీ బ్లేమ్ ఒకడు. స్త్రీ నామము ధరించిన యీతడు పురుషుడే. తల్లిదండ్రులు పెట్టిన పేరు క్రిస్టఫర్ బార్న్స్. 1960లో జన్మించి, పదునేడేండ్ల ప్రాయమున ఇల్లు వీడి, పంక్ సంగీతము యువజనులను ఊపివేయుచున్న దినములలో లండను చేరెను. నగలు కొనుటకు చేత పైకము లేదు. అలంకరించుకొనవలెనను తహతహ మాత్రము మెండుగా కలదు. కావున బొత్తాములు, పిన్నీసులు, త్రాళ్లు, తుప్పుపట్టిన తాళపుచెవులు ప్రోగుచేసి, గొలుసులకు గ్రుచ్చి, హారములు చేసికొనెను. థేమ్స్ నదిలో ఆటు వచ్చి నీరు తీసినప్పుడు బురదగట్టున బయటపడు పాత మట్టిగొట్టముల తునకలు, ఎముకలు గూడ ఆయన చేతిలో ఆభరణములైనవి. 1980లో ఆరంభమైన ‘ఐ-డి’, ‘ది ఫేస్’ అను పత్రికల పుటలలో ఆయన కూర్చిన వేషములు వెలువడినవి. నెనె చెర్రీ 1989లోను, బ్యోర్క్ 1993లోను వెలువరించిన గీతసంపుటములకు వేషధారణ కూర్చినవాడును ఆయనయే. 2016లో లండనులోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ కాంటెంపరరీ ఆర్ట్స్‌వారు ఆయన కృతులను ప్రదర్శనమునకు పెట్టిరి. మరి రెండేండ్లకు, 2018లో, ఆయన కాలధర్మము నొందెను.

నదిగట్టున ఏరిన తుక్కు కళాప్రదర్శనశాల గోడ కెక్కుటకు ఆయన ప్రతిభ యొక్కటే కారణమని నేననుకొనను. ఆ పత్రికలకు, పటము ప్రక్కన ఛాయాగ్రాహకుని పేరుతోపాటు స్టైలిస్టు పేరును గూడ అచ్చువేయు అలవాటుండెను. పేరు అచ్చుపడినందున, ముప్పది యేండ్ల తరువాత వెదకువారికి ఏ పిన్నీసు ఎవరు గ్రుచ్చిరో తెలియవచ్చినది. మన వైపున ఆ యలవాటు ఇంకను కుదురుకొనలేదు. స్టైలిస్టు చేసిన నగ పటము తీసిన మరునాటికే తల్లి లేని బిడ్డ యగును.

మా తమ్ముని కుమార్తె హైదరాబాదులో ఈ పని చేయుచున్నది. రెండు గదుల అద్దె వాటాలో ఒక గది నిండ ఆమె సామగ్రియే: బిస్కెట్ల డబ్బాలలో పూసలు, గవ్వలు, గచ్చకాయలు, మోటార్లకు తీగ చుట్టు దుకాణమునుండి తూకమునకు కొని తెచ్చిన రాగితీగ, లాడ్‌బజారులో అంచు చెదరి అమ్ముడుపోని లక్కగాజులు, గోనెసంచి నిండ పాత చీరల అంచులు. క్రిందటి వేసవిలో, ఒక పట్టుచీరల దుకాణమువారి ప్రకటనకై ఆమె తాటాకు కమ్మలు చేయుచుండగా, నేను వారింట మూడు దినములు ఉంటిని.

కమ్మ యను మాట నిట విడువజాలను. తాటియాకును కమ్మ యనిరి మనవారు. చెవికి పెట్టుకొను నగను కమ్మ యనిరి. బంగారము చెవి నంటక పూర్వము ఆకే చెవికి అలంకారమను సంగతిని ఏ శాసనము కన్న భద్రముగా భాష దాచియుంచినది. వజ్రములు పొదిగి, వెనుక బంగారపు మర బిగించినను, పేరు మాత్రము ఆకు పేరే. మా పిల్లకు ఈ సంగతి నేను చెప్పువరకు తెలియదు. తెలిసిన పిదప ఆ పనియందు ఆమెకు ఇంకొంత ప్రేమ పుట్టినట్లు నాకు తోచినది.

తాటిమొవ్వునుండి తీసిన లేతాకును ముందురాత్రి నీట నానవేసి, ఉదయమున ఈనెలు తొలగించి, చిటికెనవ్రేలి వెడల్పున పట్టీలుగా చీల్చినది. కొన్ని పట్టీలను పసుపునీట, కొన్నింటిని పసుపునకు సున్నము చేర్చిన పారాణినీట ముంచి నీడన ఆరవేసినది. ఆరిన పట్టీలను గడియారపు స్ప్రింగువలె బిగువుగా చుట్టి, ఆ చుట్ట విడిపోకుండ, చిరిగిన చీరనుండి లాగిన జరీపోగుతో అంచు కుట్టి, వెనుక బక్రము గుడ్డ అంటించి, చిలకలపూడి బంగారపు కొక్కెము తగిలించినది. చేత పట్టుకొని చూచినప్పుడు నాకు అవి ముచ్చటగా కనిపించినవి. ఆమెకు మాత్రము తృప్తి కలుగలేదు. ఫోనుతో ఒక పటము తీసి నాకు చూపినది. అందు కమ్మ ఉన్నట్లే లేదు; జరీ మీద దీపపుకాంతి పడినచోట తెల్లని మచ్చ మాత్రము మెరయుచున్నది.

కెమెరా కొరకు చేయు నగ వేరు, పేరంటమునకు పెట్టుకొను నగ వేరు అని అప్పుడు నాకు బోధపడినది. చేతికి అందిన దూరమున అందముగా నున్న నగ, పది యడుగుల దూరమున నిలిచిన కెమెరాకు చుక్క మాత్రమే. మనిషి కదలుచుండగా మెరపు శోభ. నిలిచిపోయిన పటములో అదే మెరపు కన్నులో పడిన నలుసు. కావున ఆమె చుట్టను రెట్టింపు చేసినది. వెడల్పు పెరిగినందున బరువు పెరుగకుండ లోపలి పొరలు తీసివేసినది. జరీ మీద ముఖమునకు రాచుకొను పౌడరును దూదితో అద్ది మెరపు చంపినది. రెండు చుట్టల నడుమ నీడ పడుటకై ఒక పొరను వెలుపలికి లాగి వదలినది. మరల పటము తీసినది. ఇట్లు ఐదు మారులు జరిగినది. ప్రక్కవాటుగా తీయు పటములో ఒక్క చెవియే కనబడును గదా, రెండవ కమ్మ ఏల యని అడిగితిని. "రెండో చెవి బోసిగా ఉంటే ఆ అమ్మాయికి తెలుస్తూనే ఉంటుంది పెదనాన్నా. ఆ వెలితి నవ్వులోకి వచ్చేస్తుంది" అన్నది. మొగ్గ తడిని గూర్చియు, పిల్ల వీపును గూర్చియు మా మేనత్త చెప్పిన మాటలు నాకు వెంటనే జ్ఞప్తికి వచ్చినవి. నగను పెట్టుకొను మనిషిని మొదట తలచి, ఆ తరువాత నగను తలచుట ఆ వృత్తి మర్మమని నేను గ్రహించితిని.

ప్రకటన వెలువడినది. నాలుగురోడ్ల కూడలిలో మూడంతస్తుల యెత్తున ఆ పటము నిలిచినది. చీర కన్న ముందుగా చూపు కమ్మల మీద వ్రాలినదని చూచినవారు చెప్పిరి. స్టైలింగు నిమిత్తము ముందు మాటాడుకొన్న పైకము ఆమెకు ముట్టినది. ఆ విషయమున వారిని నిందింప బనిలేదు. రెండు రాత్రులును ఒక పగలును పట్టిన కమ్మలకు విడిగా ఏమైన నిత్తురా యని అడిగితే, దుకాణము తరఫు మనిషి, "ఇంట్లో చేసినవేగా అమ్మా, వాటికి బిల్లెక్కడిది?" అనెనట. పేరు మాట ఏమైనదని నేనడిగితిని. "వేస్తామన్నారు పెదనాన్నా. చివరికి స్థలం చాల్లేదన్నారు" అన్నది. ఆ గొంతులో కోపము లేదు, అలవాటు ఉన్నది. ఇరువది యారేండ్ల పిల్లకు అంత త్వరగా ఆ యలవాటు పట్టుబడుటయే నాకు దుస్సహముగా నున్నది.

ఇంట్లో చేసినవేగా! ఈ మాటకు మన జిల్లాలలోనే పెద్ద చరిత్ర కలదు. గోదావరి తీరమున నరసాపురము చుట్టుప్రక్కల గ్రామములలో, పందొమ్మిదవ శతాబ్దమున క్రైస్తవ మిషనరీలు ప్రవేశపెట్టిన లేసు అల్లిక వ్యాపించి, వేలకొలది యిండ్లలో ఆడువారి చేతిపనిగా స్థిరపడినది. ఒక దారపుండ, ఒక కొక్కెపు సూది. వాకిట అరుగు మీద, పొయ్యి మీద అన్నము ఉడుకుచుండగా, బిడ్డను ఒడిలో నుంచుకొని, వారు అల్లిన తెల్లని లేసు సముద్రములు దాటి పరదేశముల భోజనపు బల్లల మీద పరచుకొన్నది. జర్మను సమాజశాస్త్రజ్ఞురాలు మరియా మీస్ ఆ గ్రామములలో సంచరించి, నరసాపురపు లేసు అల్లువారిని గూర్చి 1982లో ఒక గ్రంథము ప్రకటించినది. ప్రపంచ విపణికి సరకు తయారుచేయు ఆ స్త్రీలను లోకము పనివారుగా గాక గృహిణులుగానే లెక్కించినదనియు, వారి శ్రమకు తీరికవేళల కాలక్షేపమని పేరు పెట్టినందుననే కూలి అంత అల్పముగా నిలిచిపోయినదనియు, లాభము మాత్రము వర్తకుల పాలైనదనియు ఆమె నిరూపించినది. ఆ పుస్తకము వెలువడి నలువది యేండ్లు దాటినది. 2024లో నరసాపురపు లేసునకు భౌగోళిక గుర్తింపు లభించినది. ఊరికి పేరు వచ్చినందుకు సంతోషింపవలసినదే. అల్లిన చేతికి మాత్రము ఇంకను రాలేదు.

ఇంట చేయు పని పనియేనని అంగీకరించుచు, అంతర్జాతీయ కార్మిక సంస్థ 1996లో 177వ సంఖ్య గల ఒడంబడికను ఆమోదించినది. మన దేశము దానికి ఇంతవరకు సమ్మతి తెలుపలేదు. మన 1957 నాటి కాపీరైటు చట్టము ఛాయాచిత్రమునకు దానిని తీసినవారినే కర్తగా నిర్వచించినది. అది న్యాయమే; అయినను అదే చట్టము, కళాత్మకమైన చేతిపనితనము గల కృతులను గూడ కళాకృతులలో చేర్చినది; కర్తకు తన కృతిని తనదని చెప్పుకొను హక్కును 57వ విభాగమున ప్రత్యేకముగా ప్రసాదించినది. తాటాకు కమ్మ ఆ కోవకు చెందునో లేదో తేల్చుట న్యాయస్థానముల పని. చేసినవారి హక్కు అను భావన మన చట్టమునకు పరాయిది కాదని మాత్రమే నేను చెప్పదలచినది. వ్యాపారులకు ఇది తెలియదో, తెలియనట్లున్నారో.

ఈ మరపు నేటిది కాదు. 1892లో రాజా దీన్‌దయాళ్ హైదరాబాదులో ఘోషాస్త్రీలకై ప్రత్యేకముగా జెనానా స్టూడియో నెలకొల్పి, కెన్నీ-లెవిక్ అను ఆంగ్లవనితను ఛాయాగ్రాహకురాలిగా నియమించెను. ఆయన పేరు చరిత్రలో నిలిచినది, ఆమె పేరును నిలిచినది. ఆ మేలిముసుగుల వెనుక తలలు దువ్వి, నగలు కూర్చి, కన్నులకు కాటుక దిద్ది, ఆ స్త్రీలను కెమెరా ముందుకు పంపినవారి పేర్లను ఎవరు వ్రాసికొనిరి? చలనచిత్రముల విషయమున ఇంత అన్యాయము లేదు. వేషధారణ కూర్చినవారి పేరు తెర మీద పడును. 1983లో భాను అథైయా ‘గాంధీ’ చిత్రమునకు దుస్తులు రూపొందించినందుకు ఆస్కారు బహుమానము నందుకొని, ఆ గౌరవము పొందిన తొలి భారతీయురాలైనది. కదలు బొమ్మకు సాధ్యమైనది నిలిచిన బొమ్మకు ఏల సాధ్యము కాదు?

స్థలము చాలదని పత్రికలవా రందురు. పట్టుచీర ధరయు, దుకాణపు శాఖల చిరునామాలును, రాయితీ గడువును పట్టిన పుటలో ఒక్క పంక్తికి చోటు లేదనుట నేను నమ్మజాలను. ప్రేమతో చేసిన దానికి వెల కట్టుట తగదని మరికొందరందురు. ఈ మాటను నేను తేలికగా త్రోసివేయను. ఇందు నిజము కలదు. మా అక్కకు జడ కుట్టినప్పుడు మా మేనత్త కూలి కొరకు కుట్టలేదు. ఎవరైన ఇచ్చియుండినచో ఆమె మనసు నొచ్చుకొనెడిదేమో గూడ. ఇంటి శుభకార్యమునకు, బిడ్డ ముచ్చటకు చేసిన దానిని లెక్కలలోనికి ఈడ్వవలెనని నేననను. కాని ఆ జడ పటము స్టూడియో వాకిట గాజుబీరువాలో నెలల తరబడి నిలిచి, దానిని చూచి మరి పదిమంది తల్లులు తమ పిల్లలను తీసికొని వచ్చినప్పుడు, ఆ ముచ్చట వ్యాపారము కాలేదా? ఇల్లు దాటి అంగడి కెక్కిన క్షణముననే ప్రేమ యను మాట చేయువారి నోట ఉండదగినది గాని, వాడుకొనువారి నోట ఉండదగినది కాదు.

స్టైలిస్టులకును ఒక మాట చెప్పవలసి యున్నది. మా పిల్ల మరియొక పటమునకు లేసు ముక్కలను గంజిపెట్టి బిగించి కంఠాభరణము చేసినది; చాల అందముగా కుదిరినది. ఆ లేసు ఎక్కడిదని అడిగితిని. నరసాపురమునుండి వచ్చినదని దుకాణమువారు చెప్పిరట. అల్లినదెవరో ఆమె అడుగలేదు, అడుగవలెనని తోచలేదట. తన పేరు మరచినందుకు నొచ్చుకొన్న చేయియే మరియొక చేతి పేరు మరచినది. లాడ్‌బజారులో బొగ్గుల కుంపటి ముందు కూర్చుండి, కరగిన లక్కను గాజుగా మలచి, అది చల్లారక ముందే రాళ్లు పొదుగువారు, ఏటికొప్పాకలో అంకుడుకర్రను చరకమునకు పెట్టి లక్కరంగు పూయువారు, వీరందరును పేర్లు కలవారే. ఈ మాట నేననగా మా పిల్ల కొంతసేపు మాటాడలేదు. తరువాత ఒక పుస్తకము తెచ్చి గీతలు గీచినది: నగ పేరు, చేసినవారు, సరకు ఇచ్చినవారు, పట్టిన గంటలు, కూలి, పటము తరువాత నగ ఎవరి వద్ద నుండవలెను. ఆ పుటను చూచి, బిల్లెక్కడిదని అడిగినవారికి ఇదియే బిల్లు అంటిని. ఇప్పుడు ఆమె ఒప్పుకొను ప్రతి పనికిని ఆ పుట ప్రతిని ముందుగనే పంపుచున్నది. ఇద్దరు ముగ్గురు ఒప్పుకొనిరి. ఒకరు పని మరియొకరికి ఇచ్చుకొనిరి.

ఆదివారపు అనుబంధములు వెలువరించు సంపాదకులను నేను కోరున దొక్కటే. ముఖచిత్రము క్రింద ఛాయాగ్రాహకుని పేరు వేయుచున్నారు. దాని ప్రక్కనే వేషము కూర్చినవారి పేరు, నగలు ఇంట చేసినవైనచో చేసినవారి పేరు వేయుడు. ఒక్క పత్రిక ఆరునెలలు ఇట్లు చేసినచో రెండవ పత్రికకు చేయక తప్పదు. పత్రికలలో కనబడిన దానిని ప్రకటనకర్తలును ఎంతోకాలము కాదనలేరు.

మొన్న దసరాకు మా పిల్ల వచ్చి, ఆ పూలజడ పటము మరకలు పట్టుచున్నదని, చట్రము విప్పి, యంత్రము మీద దాని ప్రతి తీసి, కంప్యూటరు తెరపై ఎంతో పెద్దది చేసి చూచుచుండెను. "పెదనాన్నా, ఇదెవరి చెయ్యి?" అని పిలిచినది. నేను కండ్లజోడు సవరించుకొని చూచితిని. అద్దపు చట్రము మీది చెక్కడపు పని యని ఇన్నేండ్లు నేననుకొన్నది చెక్కడము కాదు. అద్దములో, అంచునకు దగ్గరగా, ఎవరో పటములో పడకుండ ఒదిగి కూర్చుండి, జడ ప్రక్కకు తిరిగిపోకుండ జడకుప్పెలను రెండు వ్రేళ్లతో పట్టుకొని యున్నారు. మణికట్టు వరకు చేయి స్పష్టముగా కనబడుచున్నది. ఆ చేతికి గాజులు లేవు.